లక్సెంబర్గ్‌లో మార్కెట్ సర్వే: దేశం చిన్నదని లెక్క కూడా చిన్నదనుకోకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో కొర్రలు, జొన్నలతో చెక్కలు, జంతికలు చేసి ప్యాక్ చేస్తున్నారు. యూరప్‌లో అమ్మాలని ఉంది. "లక్సెంబర్గ్ చిన్న దేశం, డబ్బున్న దేశం, అందరికీ ఇంగ్లీషు వస్తుంది. ఇంగ్లీషులో ఒక ఆన్‌లైన్ సర్వే పెట్టి రెండొందల మందిని అడుగుదాం, ఫలితం బాగుంటే ఫ్రాన్స్, జర్మనీలకు వెళ్దాం. నాలుగు లక్షల రూపాయలు సరిపోతాయా?"

ఇక్కడ లక్సెంబర్గ్‌లో పద్నాలుగేళ్లుగా మార్కెట్ సర్వేల పనే చేస్తున్నాను. మీ ప్రశ్న చదివి కాస్త నవ్వుకున్నాను. మిమ్మల్ని చూసి కాదు, వచ్చిన మొదటి ఏడాది నేనూ అచ్చం ఇదే చేశాను కాబట్టి. వేడి చేసుకుని తినే రెడీమేడ్ భోజనాలు అమ్మే ఒక కంపెనీ కోసం ఇంగ్లీషులో సర్వే పెట్టాను. వారం తిరక్కుండానే జవాబులు వచ్చిపడ్డాయి. ఎక్కువమంది కొంటామన్నారు. సరుకు దించారు, కొన్ని నెలలకే వెనక్కి తీసుకున్నారు. తర్వాత కూర్చుని జవాబులిచ్చింది ఎవరా అని చూస్తే, చాలామంది రాజధానిలోని కిర్ష్‌బెర్గ్ కొండ మీద యూరోపియన్ యూనియన్ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు. సరుకు పెట్టిన దుకాణాలేమో దక్షిణాన ఎష్ పట్టణం వైపు. అక్కడ బండి తోసుకుంటూ వచ్చేవాళ్లు ఫ్రెంచ్, పోర్చుగీసు మాట్లాడతారు. జవాబులిచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు. నేను అడిగింది ఒకరిని, కంపెనీ అమ్మబోయింది ఇంకొకరికి.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. 2021 జనాభా లెక్కల్లో మీ ప్రధాన భాష ఏదని అడిగితే లక్సెంబర్గిష్ అన్నవాళ్లు 48.9 శాతం, పోర్చుగీసు 15.4, ఫ్రెంచ్ 14.9. ఇంగ్లీషు 3.6 శాతమే. ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్లు ఇంతకంటే చాలా ఎక్కువమందే ఉన్నారు, కాదనను. కానీ ఆఫీసులో ఇంగ్లీషులో ఈమెయిల్ రాయడం వేరు, శనివారం పొద్దున దుకాణంలో ఏ చెక్కల ప్యాకెట్ ఎందుకు తీసుకున్నారో ఇంగ్లీషులో చెప్పడం వేరు. రెండోది అడిగితే ఒకటి రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

మన వాళ్లు లక్సెంబర్గ్‌ని స్విట్జర్లాండ్‌తో పోలుస్తుంటారు. అక్కడ భాష చాలావరకు ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. జ్యూరిక్‌లో జర్మన్, జెనీవాలో ఫ్రెంచ్ అని మ్యాప్ మీద గీత గీసి శాంపిల్ పంచుకోవచ్చు. ఇక్కడ ఆ గీత ఇంటి మధ్యలోంచి, ఒక్కోసారి ఒకే మనిషి మధ్యలోంచి వెళ్తుంది. 1984 నాటి చట్టం ప్రకారం జాతీయ భాష లక్సెంబర్గిష్. చట్టాలు రాసేది ఫ్రెంచ్‌లో. ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ రెండింటితో పాటు జర్మన్ కూడా నడుస్తుంది. బడిలో పిల్లలకు చదవడం, రాయడం ఎక్కువగా జర్మన్‌లో మొదలవుతుంది, తర్వాత ఫ్రెంచ్ వచ్చి చేరుతుంది. అందుకని ఇక్కడ పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఇంట్లో లక్సెంబర్గిష్ మాట్లాడతాడు, పేపరు జర్మన్‌లో చదువుతాడు, మునిసిపాలిటీకి ఉత్తరం ఫ్రెంచ్‌లో రాస్తాడు, బేకరీలో రొట్టె కూడా ఫ్రెంచ్‌లోనే అడుగుతాడు. తెలుగు, తమిళం, కన్నడం కలిసి నడిచే హోసూరులో పెరిగినవాళ్లకి ఇది వింతగా అనిపించదు.

ఆయన్ని సర్వేలో ఏ భాషలో అడగాలి? మాట్లాడేటప్పుడు లక్సెంబర్గిష్. "మోయెన్" అని పలకరిస్తే తలుపు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. కానీ అదే ప్రశ్నావళి స్క్రీన్ మీద లక్సెంబర్గిష్‌లో పెడితే, మాట్లాడటం ఎంత బాగా వచ్చినా చదవడం నెమ్మదిస్తుంది. నడివయసు దాటినవాళ్లు చాలామంది జర్మన్‌కో ఫ్రెంచ్‌కో మారిపోతారు. కుర్రాళ్లు ఫోన్‌లో మెసేజ్‌లు లక్సెంబర్గిష్‌లోనే రాసుకుంటారు కాబట్టి వాళ్లకి ఇబ్బంది లేదు. అందుకే నేను భాష ఎంచుకునే అవకాశం మొదటి స్క్రీన్ మీదే ఇస్తాను, ఎవరు ఏది ఎంచుకున్నారో నమోదు చేస్తాను. ఆ భాషను బట్టి వాళ్ల దేశం ఏదో మాత్రం ఊహించను. పోర్చుగీసు ఇంటిపేరున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి లక్సెంబర్గిష్ నొక్కుతుంది, వాళ్ల నాన్న ఫ్రెంచ్ నొక్కుతాడు, నానమ్మ పోర్చుగీసు. ఇల్లు ఒకటే, మీ చెక్కల ప్యాకెట్ కూడా ఒకటే కొంటారు.

రెండోది, డబ్బున్న దేశమన్నారు. తలసరి జీడీపీ చూసి అన్నారనుకుంటాను. ఆ అంకెను ఇక్కడ నమ్మకండి. ఈ దేశంలో ఉండేవాళ్లు 2025 జనవరికి సుమారు 6 లక్షల 82 వేలు. రోజూ పొద్దున ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి పనికొచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు ఇంకో 2 లక్షల 20 వేలకు పైనే. అందులో సగానికి మించి ఫ్రాన్స్ వాళ్లు. వాళ్ల కష్టం జీడీపీలో చేరుతుంది, వాళ్ల తలలు మాత్రం జనాభాలో చేరవు. భాగహారంలో పైన ఉన్నది మొత్తం రాబడి, కింద ఉన్నది కొందరే. అంకె పెద్దదిగా రాక ఏం చేస్తుంది?

ఏ సరుకుకైనా తలసరి వినియోగం చూసేటప్పుడు ఇదే జాగ్రత్త. ఇక్కడ పెట్రోలు, పొగాకు మీద పన్నులు పొరుగు దేశాలకంటే తక్కువ కాబట్టి సరిహద్దు దాటి వచ్చి కొనుక్కుపోతారు. మార్తెలాంజ్ అనే ఊళ్లో రోడ్డుకు ఒక పక్క బెల్జియం, రెండో పక్క లక్సెంబర్గ్. లక్సెంబర్గ్ పక్కన బారుగా పెట్రోలు బంకులే. ఆ అమ్మకాల్ని దేశ జనాభాతో భాగిస్తే ఇక్కడి పసిపిల్లలు కూడా సిగరెట్లు కాలుస్తున్నారని తేలుతుంది. మరోవైపు ఇక్కడ ఉండేవాళ్లు వారాంతపు కొనుగోళ్లకి జర్మనీలోని ట్రియర్‌కో, ఫ్రాన్స్‌లోని తియోంవిల్‌కో కార్లేసుకుని పోతారు. కాబట్టి "ఎక్కడ ఉంటారు" అని అడిగితే చాలదు, "పోయిన శనివారం సరుకులు ఎక్కడ కొన్నారు" అని అడగాలి. సరిహద్దు దాటి వచ్చే ఉద్యోగులు మధ్యాహ్నం శాండ్‌విచ్, కాఫీ ఇక్కడే కొంటారు, ఇంటి సరుకులు ఎక్కువగా వాళ్ల ఊళ్లోనే. మీ చెక్కలు ఆఫీసు కింద షాపులో నాలుగింటికి నమలడానికా, ఇంట్లో డబ్బాలో పోసుకోవడానికా? ఆ జవాబును బట్టి మీ జనాభా 6 లక్షల 82 వేలా, 9 లక్షలా, రాజధానిలోని ఓ యాభై వేలా అన్నది తేలుతుంది. భాషల సంగతి ఆ తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఏజెన్సీకి ఐదు భాషలకి కొటేషన్ అడుగుతారు, ఎవరికి అమ్మాలో తర్వాత ఆలోచిస్తారు.

ఇక రెండొందల మంది. దేశం చిన్నదైతే శాంపిల్ కూడా చిన్నది చాలు అనుకోవడం సహజం, కానీ లెక్క అలా పనిచేయదు. 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలో ఒక అంకె చెప్పాలంటే ఆంధ్రప్రదేశ్ మొత్తానికైనా సుమారు 385 మంది కావాలి, లక్సెంబర్గ్‌కైనా అంతే. పులుసు ఉప్పు చూడటానికి గంటెడు చాలు, గిన్నె ఎంతదైనా. కాకపోతే ముందు బాగా కలపాలి. ఇక్కడ కలవనిదే అది. లక్సెంబర్గ్ వాళ్లు, పోర్చుగీసు వాళ్లు, ఫ్రెంచ్-బెల్జియన్ నివాసులు, ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగులు, సరిహద్దు దాటి వచ్చేవాళ్లు అని విడివిడిగా చూడాలనుకుంటే ఒక్కొక్కరిలో కనీసం వందమంది. వందమందితో తేడా అటూ ఇటూ 10 శాతం దాకా ఉంటుంది, అయినా పెద్ద తేడాలుంటే కనపడతాయి. అంటే ఐదొందల ఇంటర్వ్యూలు. అక్కడ మీ నాలుగు లక్షలు, అంటే సుమారు నాలుగు వేల యూరోలు, గాల్లో కలిసిపోతాయి. ఇక్కడ కనీస వేతనమే నెలకి 2,600 యూరోల పైన. నాలుగు భాషల్లో మాట్లాడే ఇంటర్వ్యూయర్ ఆ కనీస వేతనానికి రారు.

ఆన్‌లైన్ ప్యానెళ్లు, అంటే సర్వేలకు జవాబిచ్చేందుకు ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్ల జాబితాలు, నడిపేవాళ్లు చవకగా ఇస్తామంటారు. ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను, చెబుతాను. బయటి దేశపు సరఫరాదారు ఒకాయన రెండు రోజుల్లో మూడొందల మంది "లక్సెంబర్గ్" వాళ్లని తెచ్చిచ్చాడు. జవాబులు చూస్తే దుకాణాల పేర్లు ఏదో తేడాగా ఉన్నాయి. తీరా తేలిందేమిటంటే, బెల్జియంలో లక్సెంబర్గ్ అనే రాష్ట్రం ఒకటుంది, దాని రాజధాని ఆర్లోన్, సరిహద్దుకి ఆనుకునే ఉంటుంది. శాంపిల్‌లో పెద్ద ముక్క అక్కడిదే. పిన్‌కోడ్‌తో పట్టుకుందామన్నా రెండు దేశాలవీ నాలుగంకెలే. ఆర్లోన్‌ది 6700, ఇక్కడి గ్రెవెన్‌మాకర్ కోడ్‌లు కూడా 67తోనే మొదలవుతాయి. అప్పట్నుంచి కోడ్ అడగడం మానేసి మునిసిపాలిటీల జాబితా ఇచ్చి ఎంచుకోమంటున్నాను. 2023 సెప్టెంబరు నుంచి అవి సరిగ్గా వంద. జాబితా పొడుగే, కానీ ఆర్లోన్ వాళ్లకి అందులో వాళ్ల ఊరు కనపడదు. ఇంకో మాట. దేశం చిన్నది కాబట్టి ప్యానెళ్లలో ఉండేవాళ్లూ తక్కువే. మీకు జవాబిచ్చినావిడే పోయిన వారం పెరుగు గురించి, అంతకు ముందు కారు బీమా గురించి జవాబిచ్చి ఉంటుంది.

మాటల దగ్గర అసలు తమాషా. అనువాదం ఏజెన్సీకి ఇచ్చి తెప్పించుకుంటే సరిపోదు. "ఈ చిరుతిండి ఏ పూట తింటారు" అని అడగాలి కదా. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లకి దెజ్యునే అంటే మధ్యాహ్న భోజనం, దీనే అంటే రాత్రి భోజనం. బెల్జియం వాళ్లకి దెజ్యునే పొద్దుటి టిఫిను, దీనే మధ్యాహ్నం, రాత్రిది సూపే. ఒకే ఫ్రెంచ్ ప్రశ్నావళి ఇద్దరికీ ఇచ్చి, "దీనేకి ముందు తింటాను" అన్న జవాబులన్నీ కలిపితే మిగిలేది గందరగోళమే. పూట పేరు తీసేసి గంటలు పెట్టండి: 12 నుంచి 2, 4 నుంచి 6, ఇలా. "స్నాక్" అనే మాట కూడా వాడకండి. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు "ఒక స్నాక్" అంటే శాండ్‌విచ్‌లు, కబాబ్‌లు అమ్మే చిన్న హోటల్ అనుకుంటారు. మీ సరుకు వాళ్ల లెక్కలో "అపెరితీఫ్" అరలోది. రాత్రి భోజనానికి ముందు గ్లాసు పట్టుకుని నమిలే వేరుశనగలు, చిప్స్ పక్కన ఉండేది. మనం కాఫీతో తింటాం, వాళ్లు వైన్‌తో తింటారు. ప్యాకెట్ సైజు నుంచి కారం దాకా దీన్ని బట్టి మారుతుంది.

మిల్లెట్ అన్న మాటే మీకు పెద్ద సమస్య. ఇక్కడ చాలామందికి ఆ మాట వినగానే పంజరంలో చిలకలకి పెట్టే గింజ గుర్తొస్తుంది. జర్మన్‌లో హిర్జె అంటే సేంద్రియ దుకాణాలకు వెళ్లేవాళ్లకి తెలుసు, మంచి పేరే ఉంది. పోర్చుగీసులో మిల్యు అంటే మొక్కజొన్న, చిరుధాన్యాన్ని పైన్సు అంటారు. వాళ్లు ఫ్రెంచ్ ప్యాకెట్ మీద మిల్లెట్ అని చూసి మొక్కజొన్న అనుకోవచ్చు. కాబట్టి పేరు అడిగి అభిప్రాయం తీసుకోకండి, ప్యాకెట్ చేతిలో పెట్టి "ఇది దేనితో చేశారనుకుంటున్నారు" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుల కోసమైనా ఈ సర్వే చేయొచ్చు.

మార్కులు వేయించడం కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. "1 నుంచి 5లో ఎంత నచ్చింది" అంటే, జర్మన్ బళ్లలో 1 అంటే ఫస్టు, 6 అంటే ఫెయిలు. ఫ్రాన్స్‌లో 20కి మార్కులు, ఇక్కడి హైస్కూళ్లలో 60కి. అంకెకి రెండు చివరలా మాటల్లో రాయకపోతే సగం మంది తిరగేసి వేస్తారు. నాకు తెలిసిన ఒక నివేదికలో జర్మన్ మాట్లాడేవాళ్లకి సరుకు అస్సలు నచ్చలేదని పెద్ద అక్షరాలతో రాశారు. నిజానికి తెగ నచ్చింది.

మన తెలుగువాళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. అమెజాన్ యూరప్ ప్రధాన కార్యాలయం ఇక్కడే, ఆర్సెలర్ మిట్టల్‌ది కూడా. బ్యాంకులు, ఫండ్ కంపెనీల్లో ఐటీ వాళ్లు చాలామంది. ఉగాదికి, దసరాకి కలుస్తాం. మీ చెక్కలు పెడితే లొట్టలేసుకుని తింటాం, "అద్భుతం, ఎప్పుడొస్తున్నాయి" అంటాం. అది సర్వే కాదు, అభిమానం. ఇంకా చెప్పాలంటే వచ్చే నెల అమ్మగారు సూట్‌కేసులో తెచ్చే డబ్బా మీ అసలు పోటీదారు. మా దగ్గర "నచ్చిందా" అని అడగకండి. "ఇలాంటివి చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎక్కడ, ఎంత పెట్టి" అని అడగండి. చాలామంది తడుముకుంటారు. ఆ తడుముకోవడమే మీకు కావలసిన జవాబు.

మరి నాలుగు వేల యూరోలతో ఏం చేయాలి? సర్వే మానేయండి, కనీసం ఈ దశలో. అంకెలు కావాలంటే జాతీయ గణాంక సంస్థ స్టాటెక్ వెబ్‌సైట్‌లో జనాభా, జాతీయతలు, కుటుంబాల ఖర్చుల లెక్కలు ఉచితంగా ఉన్నాయి. వాటితో రెండు రోజులు కూర్చోండి. తర్వాత ఒక మనిషి ఇక్కడికి వచ్చి పది రోజులు ఉండాలి. కిర్ష్‌బెర్గ్‌లో ఓషాన్, స్థానిక గొలుసు దుకాణం కాక్టస్, సేంద్రియ సరుకులమ్మే నాటురాటా, జర్మన్ చవక దుకాణాలు, ఎష్‌లో పోర్చుగీసు కొట్లు, ఒకటి రెండు ఆసియా కొట్లు. ప్రతి చోటా అపెరితీఫ్ అర ముందు ఒక గంట నిలబడండి. ధరలు, బరువులు, ప్యాకెట్ మీద ఏ ఏ భాషలున్నాయో రాసుకోండి. ఆ భాషల్ని చూస్తే సరుకు ఏ దేశపు టోకు వ్యాపారి ద్వారా వస్తుందో కూడా అర్థమవుతుంది. ఫ్రెంచ్, డచ్ కలిసి ఉంటే బెల్జియం దారి, జర్మన్ ఒక్కటే ఉంటే జర్మనీ దారి. ఇక్కడి కొట్లవాళ్ల పాత గోడు ఇదే: పెద్ద బ్రాండ్లు ఫలానా దేశం నుంచే కొనాలని కట్టడి చేస్తాయి. ఇలాంటి కట్టడుల మీదే 2024 మేలో యూరోపియన్ కమిషన్ చాక్లెట్లు, బిస్కెట్ల కంపెనీ మాండలీజ్‌కి 33 కోట్ల 75 లక్షల యూరోల జరిమానా వేసింది. మీలాంటి చిన్నవాళ్లకి తేలిందేమిటంటే, లక్సెంబర్గ్‌లో అమ్మాలంటే చాలాసార్లు ఒప్పించాల్సింది బెల్జియంలోనో జర్మనీలోనో కూర్చున్న కొనుగోలు మేనేజర్ని.

బుధ, శనివారాల్లో పొద్దున రాజధాని నడిబొడ్డున గియోమ్ చౌక్‌లో సంత ఉంటుంది. అక్కడ రైతుల పక్కన నిలబడి గమనించడానికి డబ్బు అక్కర్లేదు. ఒక పాతికమందితో లోతుగా మాట్లాడించండి, భాషకి ఐదారుగురు చొప్పున, ఆ భాష ఇంట్లో మాట్లాడే విద్యార్థుల చేత. యూనివర్సిటీ బెల్వాల్‌లో ఉంది, పిల్లలు దొరుకుతారు. 2020 మార్చి నుంచి దేశమంతా బస్సు, ట్రామ్, రైలు ఉచితం, రైల్లో ఫస్ట్ క్లాస్ తప్ప. వాళ్ల ప్రయాణ ఖర్చు మీకు లేదు.

మాట్లాడిన వాళ్ల వివరాలు దాచేటప్పుడు పేరు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. వియాందెన్ లాంటి చిన్న ఊళ్లో "డెబ్బై ఏళ్ల డెన్మార్క్ ఆవిడ" అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. డేటా రక్షణ కమిషన్ సీఎన్‌పీడీ ఉంది, నియమాలు గట్టివి. పట్టికలో ఐదుగురికంటే తక్కువమంది ఉన్న గడిని నేను నివేదికలో ఎప్పుడూ చూపించను. వ్యాపారులతో మాట్లాడేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు. మీ ధర ఒక కొట్లో చెబితే మధ్యాహ్నానికి రెండో కొట్టువాడికి చేరుతుంది.

సర్వేకి సంబంధం లేకపోయినా, టికెట్ కొనేముందు చూసుకోవలసింది ఒకటుంది. లేబుల్ ఫ్రెంచ్, జర్మన్, లక్సెంబర్గిష్‌లలో కనీసం ఒకదాంట్లో ఉండాలి, ఇంగ్లీషు ఒక్కటే ఉంటే కుదరదు. యూరప్ నియమాల ప్రకారం ప్రత్యేకంగా చూపించాల్సిన అలర్జీ పదార్థాలు 14. వేరుశనగ, నువ్వులు అందరికీ తెలుసు. ఆవాలు కూడా అందులో ఉన్నాయని మన వాళ్లు మర్చిపోతారు. 2020లో మన దేశపు నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే క్రిమిసంహారక రసాయనం దొరికి యూరప్ అంతటా సరుకులు వెనక్కి తీశారు, అప్పట్నుంచి నువ్వుల పేరు చెబితే కొనుగోలుదారులు పరీక్ష కాగితాలు ముందే అడుగుతున్నారు. మీ చెక్కల్లో నువ్వులుంటే ఆ కాగితం లేకుండా ఎవరినీ కలవకండి.

ఇక్కడ బాగుంటే ఫ్రాన్స్, జర్మనీలకు వెళ్తామన్నారు. ఇక్కడి ఫ్రెంచ్ కొనుగోలుదారు పారిస్ మనిషిలా ఉండడు. అతని జీతం వేరు, అరలో అతని ముందుండే ప్యాకెట్లు వేరు. లక్సెంబర్గ్‌లో పాసైతే లక్సెంబర్గ్‌లో పాసైనట్టే. మహా అయితే తియోంవిల్, ట్రియర్, ఆర్లోన్‌ల దాకా ఆ మాట చెల్లుతుంది. నిజానికి మీ మొదటి మార్కెట్‌ని దేశంలా కాకుండా ఈ మూడు ఊళ్లనీ కలుపుకున్న ఒక ప్రాంతంలా చూస్తేనే లెక్క కుదురుతుంది.

ఎప్పుడు రావాలంటే, జులై చివర నుంచి ఆగస్టు మధ్య వరకు వద్దు. నిర్మాణ రంగానికి సామూహిక సెలవులు, పోర్చుగీసు కుటుంబాలు చాలావరకు వాళ్ల దేశంలో ఉంటాయి. మే నెలంతా సెలవులే, 2019 నుంచి 9వ తేదీ యూరప్ దినం కూడా కలిసింది. అక్టోబరు బాగుంటుంది, నెలాఖరున స్కూళ్లకి ఒక వారం సెలవులొస్తాయి. ఆ వారం దాటాక నవంబరు రెండో వారంలో దిగితే, క్రిస్మస్ సంతలు మొదలయ్యేలోపు పది రోజులు ప్రశాంతంగా పని జరుగుతుంది. గొడుగు తెచ్చుకోండి.